అటక మీద నల్లకారు

ఏప్రిల్ 4

అమ్మ పిన్నికి ఫోన్లో చెబుతోంది, నాకు ఈ ఊళ్ళో ఎవడో ఉన్నాడట. అందుకే ఊరు మారాలంటే ఏడుస్తున్నానట. నేను ఏడవలేదు. కార్బ్యురేటర్ కడుగుతుంటే పెట్రోలు చిమ్మి కంట్లో పడింది. ఆ మాటే చెబితే, అవునులే తల్లీ, ఈ వయసులో అందరి కళ్ళల్లోనూ పెట్రోలే పడుతుంది అంది. అటువైపు పిన్ని పగలబడి నవ్వడం నాకు వినిపించింది.

ఈ ఇంట్లో నా గురించి ఎవరికీ ఏమీ తెలియదు, కానీ అందరికీ అన్నీ తెలుసు. మాట్లాడితే నోరు పెద్దది. మాట్లాడకపోతే మనసులో ఎవడో ఉన్నాడు. అన్నయ్య కంచం విసిరితే వాడిది పాలపొంగు కోపం, ఇట్టే చల్లారిపోతుంది. నేను తలుపు గట్టిగా వేస్తే పొగరు. దీన్ని ఇంజనీరింగ్ చదివించడం మనదే బుద్ధి తక్కువ అంటాడు నాన్న. అదీ నా ఎదురుగా కూర్చుని, నేనక్కడ లేనట్టు.

అసలు సంగతి ఇది. నాన్న వర్క్‌షాపు ఖాళీ చేయాలి, స్థలం వాళ్ళు అమ్మేశారు. బాబాయ్ ఉండే చోట, ఓడలో వెళ్ళాల్సినంత దూరంలో, ఇంకో షెడ్డు దొరికింది. దాని వెనకే ఇల్లు. చుట్టుపక్కల ఒక్క గడపా లేదట. అది అన్నయ్యకి తెగ నచ్చింది. ఎంత మోత చేసినా అడిగే నాథుడుండడు అన్నాడు. అమ్మ తలూపింది.

అక్కడ ఎవరూ వినరు. నాకున్న భయం అదొక్కటే. అందుకు ఏడుస్తున్నానని అని ఉంటే ఒప్పుకునేదాన్ని.

ఏప్రిల్ 7

రెండు కంటైనర్లు వచ్చాయి. ఒకటి ఇంటి సామానుకి, ఒకటి బళ్ళకి. షెడ్డు ముందు నేల మీద దించి పోయాడు లారీడ్రైవర్. మేం నింపాక మళ్ళీ వచ్చి గొలుసులతో ఎత్తి లారీ మీద పెట్టుకుంటాడు. తర్వాత రేవు, ఓడ.

బళ్ళు మూడు. ఒక్కటీ పూర్తికాలేదు. నాన్న వ్యాను నాకు ఊహ తెలిసినప్పటినుంచీ రంగు కోసం చూస్తోంది. అన్నయ్య నల్లకారుకి పెద్ద ఇంజన్ ఉంది, సీట్లు లేవు. అది వాడి ప్రాణం. నా జీపు స్టార్టవుతుంది, ఆగదు. బ్రేకుల పని ఇంకా మిగిలుంది. దాని ఇంజన్ విప్పింది నేను, బిగించింది నేను. అన్నయ్య మాత్రం ఫ్రెండ్స్‌కి అది కూడా తన బండే అని చెబుతాడు. చెల్లి స్పానర్లు అందిస్తుందట పాపం.

ఏప్రిల్ 9

మూడు బళ్ళూ వరసగా పట్టవు. అందుకని అన్నయ్య కంటైనర్ లోపల చెక్కలతో అటక కడుతున్నాడు. వ్యాను లోపలి చివరికి. తలుపుల వైపు అటక, దాని మీద నల్లకారు, కింద జీపు. ఆలోచన మంచిదే, పనితనం తెలిసినవాళ్ళు అలా పంపుతారు. కానీ వీడు దూలాలు తెప్పించకుండా అమ్మానాన్నల మంచం విరగ్గొట్టి ఆ పట్టెలు వాడుతున్నాడు. చెక్క పుచ్చిపోయింది. గోరు గుచ్చితే దిగుతోంది. గుచ్చి చూపించాను.

సుత్తి విసిరాడు. నా చెవి పక్కనించి వెళ్ళింది. చెవికి గాలి తగిలింది, అంత దగ్గర. గోడకి గుంట పడి ఇటుక ఎర్రగా బయటపడింది.

అమ్మ వచ్చి గుంట తడిమి చూసి, గోడకే కదా తగిలింది అంది.

ఏప్రిల్ 10

అమ్మా నాన్నా నేల మీద పడుకుంటున్నారు. నడుముకి చల్లగా బావుందట.

ఏప్రిల్ 12, సాయంత్రం

రాయాలి. రాయకపోతే ఈ చెయ్యి ఇంకేదైనా చేసేలా ఉంది.

అమ్మ గాజుసామానంతా దుప్పట్లలో చుట్టి ఇనప పెట్టెలో సర్దింది. అన్నయ్యకి ఆ దుప్పట్లు కావాలి, నల్లకారుకి గీతలు పడకుండా చుట్టడానికి. రెండు వదిలెయ్యరా నాన్నా, మీ అమ్మమ్మ ఇచ్చిన గ్లాసులు అంది అమ్మ. పెట్టె అంచు మీద చెయ్యి పెట్టి అంది. వాడు మూత వేశాడు. మూత పడలేదు. వేశాడు. వేసి పైన కూర్చున్నాడు.

అమ్మ అరవలేదు. నోరు తెరిచింది, శబ్దం రాలేదు. లోపల గ్లాసులు మాత్రం పగిలాయి.

నేను వీల్ స్పానర్ తీసుకుని వెళ్ళాను. వాడి మోకాలి చిప్ప చూసుకునే వెళ్ళాను. నాన్న వెనకనించి నా జడ పట్టుకుని లాగాడు. వాణ్ణి పట్టుకోలేదు, నన్ను పట్టుకున్నాడు. ఆడపిల్లకి అంత రక్తదాహం ఏమిటని అడిగాడు. మెడ పట్టేసింది, ఇప్పటికీ కుడివైపు తిప్పలేను.

అమ్మ మణికట్టు విరిగింది. పెట్టె మూత జారింది అని డాక్టర్‌కి చెప్పింది అమ్మ. జారలేదు, మా అన్న వేశాడు అన్నాను. డాక్టర్ పెన్ను ఆపాడు. అమ్మ నవ్వేసి, అన్నాచెల్లెళ్ళు చిన్నప్పటినుంచీ పిల్లీ కుక్కే, దీని మాటలు పట్టించుకోకండి బాబూ అంది. డాక్టర్ మూతే రాసుకున్నాడు.

ఆటోలో అమ్మ నా వైపు చూడలేదు. ఇంటి పరువు నీ నాలిక చివర ఉందే అంది, అంతే.

ఏప్రిల్ 13

నాన్నని పక్కకి పిలిచి అడిగాను, అక్కడ ఇరుగుపొరుగు కూడా ఉండరు, వీడు ఎవర్నైనా చంపేస్తే ఏం చేస్తావని. ఎవరు ఎవర్ని చంపుతారే, సినిమాలు తగ్గించు అన్నాడు. నేను సినిమాలు చూడను. అదీ తెలియదు.

ఏప్రిల్ 16

ఎడమ కన్ను మూసుకుపోయింది. ఒక కంటితో రాస్తున్నాను.

పొద్దున వ్యాను తోశాం. నల్లకారుని విన్చి తీగతో లాగి అటక ఎక్కించాడు, ముక్కు తలుపుల వైపుకి పెట్టి. పట్టెలు మూలిగాయి. తర్వాత బెల్టులు కట్టడం మొదలుపెట్టాడు. బంపర్‌కీ బాడీకీ కట్టి, గోడల రింగులకి వేసి, రాట్చెట్ తిప్పి బిగిస్తున్నాడు. దాని హ్యాండిల్ ఆడిస్తే బెల్టు బిగుస్తుంది, పూర్తిగా వెనక్కి లాగితే ఒక్కసారిగా వదిలేస్తుంది.

బెల్టు చక్రాలకి కట్టాలి. షెడ్డులో పుట్టి పెరిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. బాడీ స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. ఒక్క కుదుపు తగిలితే కిందకి దిగుతుంది, ఆ క్షణం బెల్టు వదులైపోతుంది, కొక్కెం ఊడుతుంది. చక్రాన్ని కడితే ఆ ఊగులాట ఉండదు. కానీ ఆ చక్రాలు కొత్తవి, మెరుస్తూ ఉంటాయి. బెల్టు రాసుకుంటే గీతలు పడతాయని వాడి బాధ. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, అమ్మ చెయ్యి విరిగినా ఏమీ అనిపించనివాడు చక్రం మీద గీత పడుతుందని విలవిల్లాడుతున్నాడు. సరిగ్గా ఆ మాటే పైకి అన్నాను.

వాడి చేతిలో స్పేర్ రాట్చెట్ ఉంది. వెనక్కి తిరక్కుండానే విసురుగా కొట్టాడు. కనుబొమ్మ మీద తగిలింది. ముందు చప్పుడు విన్నాను, తర్వాత వేడి, తర్వాత నల్లకారు తలుపు మీద నా రక్తం చుక్కలు. వాడు ముందుగా ఆ తలుపు తుడిచాడు, దుప్పటితో.

నాన్న అక్కడే ఉన్నాడు. వ్యానులోకి తల పెట్టి ఏదో వెతుకుతున్నాడు. ఖాళీ వ్యాను అది. బయటికొచ్చి, గుడ్డ అదిమిపెట్టుకో, జీపు ఎక్కించేశాక వెళ్దాం డాక్టర్ దగ్గరికి అన్నాడు.

జీపుని రివర్సులో అటక కిందకి నేనే నడిపాను. ఒక కన్ను రక్తం, ఒక కన్ను చీకటి. చక్రాలకి నేనే కట్టాను. కుట్లు పడ్డాయి. ఈసారి డాక్టర్ అడగలేదు, అమ్మ ముందే చెప్పేసింది, జాకీ జారిందని.

ఏప్రిల్ 18, మధ్యాహ్నం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఒకటో తరగతివి.

లారీడ్రైవర్ వచ్చాడు. సామాను కంటైనర్ ఎత్తాడు, ఏ గొడవా లేదు. బళ్ళది ఎత్తుతుంటే కాస్త వంగింది, లారీ మీద ఆనగానే లోపల పేద్ద చప్పుడు. ఇనుము ఇనుము మీద పడ్డ చప్పుడు. డ్రైవర్ మళ్ళీ నేల మీదికి దించేసి చేతులు దులుపుకున్నాడు. సార్, నేను సామాను మోస్తా, శవాల్ని మోయను, ముందు లోపల సర్దండి అని దూరంగా పోయి సిగరెట్ ముట్టించాడు.

అన్నయ్య తలుపు తీశాడు. అటక ముందు పట్టె విరిగింది. నల్లకారు ముక్కు కిందికి వంగి నా జీపు బానెట్‌కి జానెడు ఎత్తులో వేలాడుతోంది. ముందు బెల్టుల కొక్కేలు ఊడిపోయాయి. వెనకనించి ఒకే ఒక్క బెల్టు పట్టి ఉంది, వ్యాను దగ్గర గోడ రింగుకి. తీగలా బిగుసుకుని సన్నగా పాడుతోంది.

నేనేమీ అనలేదు. నిజంగా అనలేదు. చూశాను, అంతే. నా చూపే వాడికి చాలింది. చెప్పాను కదా అన్నట్టు చూస్తున్నావే, దరిద్రపు నోరు పెట్టి దిష్టి తగిలించావు అంటూ జుట్టు పట్టుకున్నాడు. తలని తలుపు అంచుకి కొట్టాడు. కుట్లు ఊడాయి. లోపలికి తోశాడు. అది పడుతుందో పడదో లోపలుండి చూసి చెప్పు అన్నాడు. తలుపులు మూసి బయటి గడియ రాడ్ తిప్పాడు.

చీకటి. ఎండకి కాగిన రేకు. జీపుకీ గోడకీ మధ్య సందులో పడ్డాను, పైన కారు మూలుగుతోంది. బయట నాన్న గొంతు, ఇక చాల్లేరా అంటోంది. ఇక చాల్లేరా అంటున్నాడు, తలుపు తీయడంలేదు. అమ్మ గొంతు, వాడికి కోపం తగ్గాక తీస్తాడులెండి, డ్రైవర్ చూస్తున్నాడు, గొడవ చెయ్యకండి అంటోంది.

పక్కకి పాకుతూ వ్యాను దగ్గరికి చేరాను. అక్కడికి కారు రాదు. ఆ ఒక్క బెల్టు రాట్చెట్ చేతికి తగిలింది. అప్పటికీ పట్టుకుని ఊరికే కూర్చున్నాను, కోపం దిగుతుందేమో అని. నాది పాలపొంగు కాదు, దిగలేదు.

అప్పుడు తలుపు రబ్బరు సందులోంచి వాడి గొంతు వినపడింది, చాలా మెల్లగా, ముద్దుగా. ఏడుస్తున్నావా అని. వినడానికి తలుపుకి మొహం ఆనించాడు. సందులోంచి వచ్చే వెలుగు గీత వాడి మొహం మేరకి ఆరిపోయింది. అక్కడ ఉన్నాడని నాకు తెలుసు.

హ్యాండిల్ పూర్తిగా వెనక్కి లాగాను.

రాట్చెట్ ఎగిరి నా రెండు వేళ్ళు విరిచింది. కారు అటక మీదనించి జారి, నా జీపు మీద పడి, దాన్ని నొక్కుకుంటూ వెళ్ళి తలుపుల్ని గుద్దింది. కంటైనర్ మొత్తం గంటలా మోగింది. తలుపు గడియ రాడ్ హ్యాండిల్ బయటికి విసిరి కొట్టింది. వాడి దవడ మీద.

బయట కేక విన్నాను. మనిషి కేకలా లేదు. జీపు రేడియేటర్ నీళ్ళు నా కాళ్ళ దగ్గరికి పారుతున్నాయి, వెచ్చగా. నేనే బిగించిన ఇంజన్ నుజ్జయిపోయింది. అయినా చెయ్యి చల్లగా, నెమ్మదిగా ఉంది.

డ్రైవర్ తీశాడు తలుపు. మా వాళ్ళెవరూ కాదు.

ఏప్రిల్ 19

దవడ మూడు చోట్ల విరిగిందట. తీగలు వేసి కుట్టారు. మాట్లాడలేడు. ఆస్పత్రి వరండాలో ఇంత నిశ్శబ్దం మా కుటుంబానికి కొత్త.

అమ్మ అందరికీ చెబుతోంది, బెల్టు తెగిందని. నర్సుకి, బాబాయ్‌కి ఫోన్లో, పిన్నికి. నా మీద ఈగ వాలనివ్వడంలేదు. పిచ్చిపిల్ల, దాని వేళ్ళూ విరిగాయి అంటోంది. గోడకే కదా తగిలింది, మూత జారింది, జాకీ జారింది, బెల్టు తెగింది. ఒకే గొంతు, ఒకే తల ఊపు. ఇన్నాళ్ళూ వాడికి కప్పిన దుప్పటి తీసుకొచ్చి నాకు కప్పింది. కింద ఎంత ఉక్కగా ఉందో!

వరండాలో అందరి ముందూ చెప్పాను. బెల్టు తెగలేదు. నేను వదిలాను. వాడు తలుపు దగ్గర ఉన్నాడని తెలిసే వదిలాను.

నాన్న కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. కొట్టలేదు. మొదటిసారి నన్ను చూసి కాస్త జరిగి కూర్చున్నాడు. అది నాకు నచ్చింది. నచ్చడం చూసి నాకే ఒళ్ళు జలదరించింది.

ఏప్రిల్ 20

అమ్మని అడిగాను, నాతో ఉండిపొమ్మని. ఇక్కడే, ఏదో ఒక గది తీసుకుందాం, నేను ఉద్యోగం చూసుకుంటాను, నీ చెయ్యి నయమయ్యేదాకా గిన్నె కూడా ముట్టుకోవద్దు అన్నాను. బాగా చెప్పాననుకున్నాను.

మరి వాడికి స్ట్రాతో ఎవరు తాగిస్తారే అంది. అరిచేవాడైతే వదిలేసి వచ్చేదాన్నేమో, ఇప్పుడు నోరు లేని బిడ్డ అయిపోయాడు కదా అంది.

వాణ్ణి ఆ బిడ్డని చేసింది నేనే.

ఏప్రిల్ 24

కంటైనర్లు వెళ్ళాయి. జీపూ నల్లకారూ ఒకదాన్లో ఒకటి దిగిపోయి విడిపోలేదు, అలాగే తీసుకుపోయారు. వాళ్ళు ముగ్గురూ సాయంత్రం బయల్దేరతారు. నాకూ టికెట్ తీశారు. అందరూ నేను వస్తాననే అనుకుంటున్నారు.

నేను వెళ్ళను.