ఘటానికి రిలీవర్

కోహ్కా,
20-2-1994

చిరంజీవి గురునాథరావుకు నూకమ్మ పెద్దమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా ఉన్నాం. అక్కడ మీరంతా ఉన్నారని తలుస్తాను. మూడు మైళ్ల దూరంలో ఉంటూ ఉత్తరం రాయడం నాకే సిగ్గుగా ఉంది. కాని మన పండుగ సంఘం రిజిస్టరు అయ్యాక నోటిమాట చెల్లదని, ఏదైనా రాసి పంపాలని సెక్రటరీవి నువ్వే సర్క్యులర్ పంపావు కదా. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకో.

అమ్మవారి పండుగలో ప్రతి పనికీ ఒక రిలీవర్ ఉండాలని, నా రిలీవర్ పేరు నేనే రాసి పంపాలని ఆ కాగితంలో ఉందట. మా కోడలు రజనీకుమారి చదివి వినిపించింది. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. నేను పోతానని మీకెవరైనా చెప్పారా? డాక్టరు కాగితం ఏదైనా మా అబ్బాయి తిరుమలరావు నా దగ్గర దాచి నీకు చూపించాడా? పంతొమ్మిదేళ్లుగా మొదటి ఘటం నా నెత్తిమీదే వెళుతోంది. ఒక్క చుక్క ఒలకలేదు. మీ పెదనాన్న భిలాయి ఉక్కు ప్లాంటు ఫర్నేసులో పనిచేసిన రోజుల్లో, తర్వాతి షిఫ్టు రిలీవర్ రాగానే ఇంటికి వచ్చేసేవారు. అంటే రిలీవర్ వస్తే నేనూ ఇంటికి పోవాలనే కదా.

ఇది నీ బుర్రలో పుట్టింది కాదని నాకు తెలుసు. వైశాలి నగర్ తులసమ్మ నీ చెవిలో వేసి ఉంటుంది. ఆవిడకి రెండు గ్యాస్ సిలిండర్లున్నాయి, రెండంతస్తుల ఇల్లుంది, అరవై రెండేళ్లొచ్చినా జుట్టు నల్లగానే ఉంది. పద్నాలుగేళ్లుగా ప్రసాదం పులిహోర కూడా ఆవిడదే. ఇంక ఘటం కూడా కావాలా? నాకేం కుళ్లు లేదు. అడుగుతున్నానంతే.

నా రిలీవరుగా మా పక్కింటి కుముదిని పేరు రాసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే
నూకమ్మ పెద్దమ్మ

తా.క. కుముదినికి మోకాళ్ల నొప్పులు. రెండు మెట్లెక్కలేదు. అందుకే ఆ పేరు రాశాను.

ఇంకో తా.క. నిరుడు తులసమ్మ పులిహోరలో ఉప్పు ఎక్కువైందని అందరూ అన్నారు. నేను అడిగితేనే అన్నారనుకో.


సెక్టార్ 5,
25-2-1994

శ్రీమతి నూకమ్మ గారికి,

సంఘం సెక్రటరీ గురునాథరావు నమస్కరించి తెలియజేయునది. తమరి లేఖ అందింది. ఇన్‌వర్డ్ రిజిస్టరులో పన్నెండో నంబరుగా ఎక్కించాం.

రిలీవర్ నిబంధన ఎవరి ప్రాణానికీ సంబంధించింది కాదు. నిరుడు డప్పులు పెట్టిన గది తాళం జేబులో వేసుకుని గోపాలం గారు భిలాయి-3లో పెళ్లికి వెళ్లారు. అమ్మవారు మూడు గంటలు ఎండలో నిలబడవలసి వచ్చింది. ప్లాంటులో రిలీవర్ రానిదే ఎవరూ ఫర్నేసు వదలరు, అందుకే అది చల్లారదు. పండుగ కూడా మనిషిని నమ్ముకుని కాక నియమాన్ని నమ్ముకుని నడిస్తేనే మన పిల్లల కాలానికీ నిలుస్తుంది.

కుముదిని గారు మోకాళ్ల కారణంగా కుదరదని రాసి ఇచ్చారు. వారంలోగా మరో పేరు పంపగలరు. అనారోగ్యం తప్ప మరే కారణంతోనూ ఎవరూ కాదనడానికి వీల్లేదు. అలాగే నాలుగో నిబంధన గమనించగలరు: ఒక మనిషికి ఒకే పని. రిలీవరుగా పేరు ఎక్కినవారు పాత పని వదులుకోవాలి.

ఇట్లు,
భవదీయుడు
గురునాథరావు, సెక్రటరీ

తా.క. పెద్దమ్మా, నువ్వు నూరేళ్లుంటావు. పులిహోర సంగతి రిజిస్టరులో ఎక్కించలేదు.


కోహ్కా,
2-3-1994

చిరంజీవి గురునాథరావుకు నూకమ్మ పెద్దమ్మ రెండు చేతులా దీవించి రాసేది.

నీ ఉత్తరం కోడలిచేత మూడుసార్లు చదివించుకున్నాను. నువ్వు చాలా తెలివైనవాడివి బాబూ. నా రిలీవరుగా తులసమ్మ పేరు రాసుకో. ఆశ్చర్యపోకు. పెద్ద మనసు చేసుకున్నాను.

ఆవిడ ఆరోగ్యం రాయిలా ఉంది, కాదనడానికి వీల్లేదు. నాలుగో నిబంధన ప్రకారం పులిహోర వదులుకోవాలి. ఘటం నా నెత్తిన ఉన్నంతకాలం నా వెనకాల పసుపునీళ్ల చెంబు పట్టుకుని నడుస్తుంది. నా భయమల్లా ఒకటే. కావాలని నా చీర అంచు తొక్కుతుందేమో. ఘటం వెనక నడిచేవాళ్లు నాలుగడుగుల దూరంలో ఉండాలని ఒక నిబంధన రాయించు.

ఇట్లు,
ఎవరిమీదా కుళ్లులేని
నూకమ్మ పెద్దమ్మ

తా.క. రిలీవర్లు పట్టుచీర కట్టకూడదని కూడా రాయించు. నేతచీర చాలు.


సెక్టార్ 5,
7-3-1994

శ్రీమతి నూకమ్మ గారికి,

సెక్రటరీ గురునాథరావు సంతోషంతో తెలియజేయునది. తమరి లేఖ అయిదో తేదీన అందింది. అదే రోజు, అదే టపాలో తులసమ్మ గారి లేఖ కూడా అందింది. పులిహోర పనికి తన రిలీవరుగా ఆమె తమరి పేరు రాశారు. తమరి ఆరోగ్యం గుండ్రాయిలా ఉందని, కాదనడానికి వీల్లేదని కూడా రాశారు.

నాలుగో నిబంధన ప్రకారం ఆమెకు రిలీవర్ అయినందున తమరు ఘటం వదులుకున్నట్టే. తమకు రిలీవర్ అయినందున ఆమె పులిహోర వదులుకున్నట్టే. రెండు పనులూ ఖాళీ అయ్యాయి కాబట్టి రిలీవర్లే డ్యూటీ ఎక్కాలి. ఉగాది ముందు వచ్చే ఈ కొత్త అమావాస్య పండుగకు మొదటి ఘటం తులసమ్మ గారు మోస్తారు. పులిహోర తమరు చేయిస్తారు. మీ ఇద్దరి పెద్ద మనసుకూ కమిటీ చప్పట్లు కొట్టింది.

ఇట్లు,
భవదీయుడు
గురునాథరావు, సెక్రటరీ

తా.క. పెద్దమ్మా, పట్టుచీర సంగతి కమిటీలో పెట్టాను. తులసమ్మ గారు ఇప్పుడు రిలీవర్ కాదు, ఏదైనా కట్టుకోవచ్చన్నారు. నాలుగడుగుల దూరం మాత్రం ఒప్పుకున్నారు. అది నీకే వర్తిస్తుంది.


కోహ్కా,
9-3-1994

గురునాథరావుకు,

దీవెనలు ఈసారి రాయడం లేదు.

నీ ఉత్తరం వినగానే తిరుమలరావు స్కూటరెక్కి వైశాలి నగర్ వెళ్లాను. గేటు దగ్గరే నిలబెట్టి అడిగాను, "ఏటొదినా, నా ఘటం మీద కన్నేసినావా?" అని.

"నీ ఘటం నాకేటొదినా. నా పులిహోర నీ సేతికెల్లిపోనాదని నానేడస్తన్నాను" అంది.

నిజంగానే ఏడుస్తోంది. నాకన్నా ఆవిడకే ఎక్కువ బాధ ఉందని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారేమోనని నేనూ ఏడిచాను.

ఆ ఘటం మా ఇంటిది. మొదటి సంవత్సరం క్వార్టర్ల మధ్య వేపకొమ్మ పాతి, ఆ బిందెకి పసుపు రాసి, నేనూ మీ పెదనాన్నా ఇద్దరమే పండుగ చేశాం. అప్పుడు కమిటీ లేదు, రిజిస్టరూ లేదు. నా బిందె నేను తెచ్చేసుకుని కోహ్కాలో వేరే పండుగ పెట్టుకుంటాను. తులసమ్మ కూడా వైశాలి నగర్‌లో పెట్టుకుంటానంటోంది.

ఇట్లు,
నూకమ్మ

తా.క. ఆవిడ ఏ రోజు పెడుతుందో కనుక్కుని చెప్పు. నాది దానికి ఒక రోజు ముందు.


సెక్టార్ 5,
14-3-1994

శ్రీమతి నూకమ్మ గారికి, నకలు శ్రీమతి తులసమ్మ గారికి,

సెక్రటరీ గురునాథరావు విన్నవించునది. ఒక్క ఊళ్లో మూడు పండుగలైతే ఏదీ మిగలదు. ఒక విషయం సున్నితంగా చెప్పాలనుకున్నాను, ఇప్పుడు రాయక తప్పడం లేదు. తొమ్మిదో నిబంధన ప్రకారం సంఘంలో ఎవరూ ఏ పనిలోనూ వరుసగా మూడేళ్లకు మించి ఉండరాదు. తమరు పంతొమ్మిదేళ్లు, తులసమ్మ గారు పద్నాలుగేళ్లు ఉన్నారు. ఎలా చూసినా దిగవలసిందే. సంఘం కంటే ఏ మనిషీ పెద్ద కాదు.

నిబంధనల పుస్తకం జత చేశాను. ఇద్దరూ కలిసి చదివించుకోగలరు.

ఇట్లు,
భవదీయుడు
గురునాథరావు, సెక్రటరీ

తా.క. పెద్దమ్మా, ఈ పుస్తకం రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఎక్కడా ఒక్క లొసుగు లేదు.


వైశాలి నగర్,
22-3-1994

చిరంజీవి గురునాథరావుకు నూకమ్మ పెద్దమ్మ, తులసమ్మ పెద్దమ్మ ఇద్దరూ దీవించి రాసేది.

నువ్వు చెప్పినట్టే ఇద్దరం కలిసి చదివించుకున్నాం. తులసమ్మ వరండాలో కూర్చున్నాం, రజనీకుమారి చదివింది. తొమ్మిదో నిబంధన దగ్గర తులసమ్మ ఆపమంది. సెక్రటరీ ఎన్నేళ్లనుంచి ఉన్నాడని అడిగింది. పదకొండు అన్నాను. ఆవిడా నేనూ ఒకే మనిషిమీద కుళ్లుకోవడం అదే మొదలు.

నీ రిలీవర్ పేరు ఏ కాగితంలోనూ లేదు. గడువులోగా పేరు ఇవ్వనివాళ్లకి సభ్యులే సంతకాలు పెట్టి పేరు ఇవ్వవచ్చని పదకొండో నిబంధన. అదీ నువ్వు రాసిందే. ఆవిడ వైశాలి నగర్ తిరిగింది, నేను కోహ్కా తిరిగాను. ఆవిడ ముప్ఫై ఒక్క సంతకాలు తెచ్చింది. నేను ముప్ఫై రెండు తెచ్చేదాకా ఇంటికి రాలేదు.

నీ రిలీవరుగా మీ ఆవిడ భాగ్యరేఖ పేరు ఇచ్చాం. నువ్వు డ్యూటీకి వెళ్లినప్పుడు మీ ఇంటికెళ్లి అడిగాం. అనారోగ్యం ఏమీ లేదంది. పదకొండేళ్లుగా నీ ఉత్తరాలన్నీ చక్కగా తిరగరాసి పంపుతున్నది తనేనట. అదీ మాకు ఇప్పుడే తెలిసింది. మూడేళ్లు దాటాయి కాబట్టి నువ్వు దిగాలి, రిలీవర్ డ్యూటీ ఎక్కాలి. కమిటీ చప్పట్లు కొట్టింది.

వేరే పండుగలు మానుకున్నాం. నిన్న తులసమ్మ నెత్తిన గుడ్డచుట్ట పెట్టి, బిందె నిండా నీళ్లుపోసి ఎత్తాను. నాలుగడుగులు వేసేసరికి బిందె ఊగింది. నా చెయ్యి దానంతట అదే వెళ్లి పట్టుకుంది. పట్టుకోకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది. "మెడ బిగించకొదినా, నడుం మీద నడు" అన్నాను. ఆ తర్వాత పెరడంతా తిరిగొచ్చింది. చుక్క ఒలకలేదు. అదే నేను తట్టుకోలేకపోతున్నాను.

పులిహోర నాకు నేర్పింది. ఏదో ఒకటి చెప్పకుండా దాచుకుందని నా అనుమానం. ఘటం దగ్గర నేనూ ఒకటి దాచాను.

ఇట్లు,
నీ పెద్దమ్మలు
నూకమ్మ, తులసమ్మ

తా.క. ఘటం, పులిహోర సంగతులూ, ఇదీ ఆవిడ చూడకుండా రాసినవే. పండుగనాడు తులసమ్మ నెత్తిన ఘటం నాకన్నా బాగుందని ఎవరైనా అంటే ఫిర్యాదు ఎలా రాయాలో కొత్త సెక్రటరీ గారిని కనుక్కుని చెప్పు. మీ ఇంట్లోనే ఉంటారు కదా.