అదే కార్డు, అదే ముక్కు

జూన్ 9, సోమవారం

పొద్దుటి విమానాలకు ఉప్మా ట్రేలు సర్దడం అయింది. ముక్కు రెండువైపులా బిగుసుకుపోయి ఉంది, నోటితోనే ఊపిరి, రోజూ ఉండే తలనొప్పి. పాల క్యాన్ మూత తీసి సువర్ణక్క వైపు జరిపాను. వాసన చూసి, "బాగనే ఉన్నయ్" అంది. రెండేళ్లుగా ఈ కిచెన్‌లో నా ముక్కు చేయాల్సిన పని ఆమే చేస్తోంది. సూపర్‌వైజర్‌కు తెలియదు. తెలిస్తే వంట వైపు నుంచి తీసి గిన్నెలు కడిగే వైపు పంపుతాడేమో.

ఈరోజు అక్క వదల్లేదు. "ఎన్నాళ్లు నా ముక్కుతోని బతుకుతవే సరితా? నాకు నిరుడు గదే జబ్బు గద. సర్కారు కార్డు మీదనే ఆపరేషన్ చేసిన్రు. మొదటిసారి పోంగనే స్కాన్ రాసిన్రు."

నేను వెళ్లేదీ ఆ దవాఖానకే. చూపించేదీ ఆ కార్డే. స్కాన్ అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. చుక్కలు, ఆవిరి... మళ్లీ చుక్కలు.

జూన్ 11

సెలవు పెట్టి దవాఖానకు. యాడి కూడా వచ్చింది. కన్నతల్లి, వద్దంటే వింటుందా. అద్దాల రవికె, మోచేతి పైదాకా గాజులు. అత్తాపూర్ దాకా బస్సులో ఒక పసిపిల్ల ఆమె అద్దాల్లో మొహం చూసుకుంటూనే ఉంది. యాడి కదలకుండా కూర్చుంది, పిల్లకు బాగా కనపడాలని.

డాక్టర్ యాడిని చూశారు, తరువాత నన్ను.

"తండానా?"

"అవును సార్."

"కట్టెల పొయ్యి పొగ అమ్మా. మీవాళ్లందరికీ ఇదే."

మాది గ్యాస్ పొయ్యి అని చెప్పాను. అప్పటికే చుక్కలు రాసేశారు. విసుక్కోలేదు, నవ్వుతూనే రాశారు. అందుకే చీటీ తీసుకుని లేచి వచ్చేశాను.

జూన్ 12

అక్కకు చెప్పాను. చపాతీ పిండి కలుపుతున్న చేయి ఆగిపోయింది.

"నన్ను గూడ గా డాక్టరే చూసిండు. పొయ్యి సంగతి అడగనే లేదు."

"మరి ఏమడిగిండు?"

"ఏం పని చేస్తవని. చర్చిల పాడ్తనని గూడ చెప్పిన. అయ్యో, గొంతు పాడైతదేమో అని పరేషానైండు."

అక్క పిండిని ఒక్క గుద్దు గుద్దింది. "ఈసారి నేనొస్త. నేనే మాట్లాడ్త."

రమ్మన్నాను, మాట్లాడడం మాత్రం వద్దన్నాను. నా ముక్కు, నేనే మాట్లాడాలి.

"అయితె జర నేర్చుకో."

జూన్ 14

టీ సమయంలో ప్రాక్టీసు. సువర్ణక్క డాక్టర్. గరిటె టార్చిలైటు. నేను "సార్, నాకు..." అనగానే "చుక్కలు" అంటుంది. ఇంకోసారి మొదలుపెడితే "పొగ" అంటుంది. నవ్వీ నవ్వీ నాకు తుమ్ములు పట్టుకున్నాయి. కూరగాయలు తరిగేవాళ్లు కత్తులు పక్కన పెట్టి చూడటానికి వచ్చారు. చివరికి ఆగకుండా మొత్తం చెప్పగలిగాను. అందరూ చప్పట్లు.

జూన్ 18

చెప్పాను.

"సార్, రెండేళ్లయింది. రాసిన చుక్కలన్నీ వాడిన. వాసన అస్సలు తెలుస్తలేదు. మా ఇంట్ల కట్టెల పొయ్యి లేదు. ఈ అక్కది గిదే కార్డు, గిదే జబ్బు. మొదటి రోజే స్కాన్ రాసిన్రు. నాకెందుకు రాయలేదు?"

డాక్టర్ నా పాత చీటీలు ఒక్కొక్కటే తిప్పారు.

"ఇదంతా ముందే చెప్పాల్సింది కదమ్మా."

"చెప్పిన సార్. వచ్చినప్పుడల్లా చెప్పిన."

ఆయన సన్నటి కెమెరా గొట్టం తెప్పించి ముక్కులోకి చూశారు. చాలాసేపే చూశారు. స్కాన్ రాశారు.

బయటికి రాగానే అక్క నా వీపు మీద ఒక్కటి వేసింది, ముద్దుగానే. మిరపకాయ బజ్జీలు తిన్నాం. నాకు కారం తప్ప ఏమీ తెలియలేదు. అయినా మళ్లీ అడిగి తిన్నాను.

జూన్ 21

స్కాన్ వచ్చింది. రెండువైపులా కండలు పెరిగాయట, ద్రాక్షగుత్తుల్లాగ. చుక్కలతో పోయే దశ ఎప్పుడో దాటిందట. ఆపరేషన్‌కు కార్డు మీద మంజూరు రావాలి.

జూలై 3

మంజూరు ఇంకా రాలేదు. సెలవు కోసం సూపర్‌వైజర్‌కు నిజం చెప్పేశాను. "ముందు బాగై రా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' ఏమిటో.

యాడిది ఇంకో దిగులు. "ముక్కు కోస్తె ముక్కుపుల్ల ఏడ పెడ్తవ్?" లోపలి నుంచే చేస్తారంటే నమ్మదు. సాయంత్రం సువర్ణక్క తన ఊరు పాల్మాకుల నుంచి వచ్చి తన ముక్కు చూపించింది. యాడి దాన్ని పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, వెలుతురుకు పెట్టి చూసి, సరేనంది.

జూలై 16

అయింది. మంజూరు రాగానే ఆపరేషన్ చేసేశారు. బతికే ఉన్నాను. ముక్కు నిండా దూది.

జూలై 24

ఉప్పునీళ్లతో కడుగుతున్నాను. నోరు మూసుకుని నిద్రపోయాను — ఎన్నాళ్లకు. తలనొప్పి లేదు. వాసన మాత్రం... లేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. త్వరగా వచ్చి ఉంటే బాగుండేదని కూడా అన్నారు. నేను త్వరగానే వచ్చాను.

ఆగస్టు 5

పనిలో చేరాను. సూపర్‌వైజర్ నా పాత బల్ల దగ్గరికే పంపాడు. మధ్యాహ్నం సువర్ణక్క టిఫిన్ డబ్బా మూత తీసింది. గుప్పుమంది.

"అక్కా, ఎండుచేపలా?"

డబ్బా అక్కడే వదిలేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను కూర్చుని తిన్నాను. సగం కూడా మిగల్చలేదు.

ఆగస్టు 13

దవాఖాన బెంచీ మీద రాస్తున్నాను. పక్కన మా తండా సోనీబాయి చిన్నమ్మ. ఆమెకూ నాలాగే ముక్కు దిబ్బడ, తలనొప్పి, ఏళ్లుగా చుక్కలు. నేనే తీసుకొచ్చాను.

డాక్టర్ నన్ను గుర్తుపట్టారు. "వాసన వస్తోందా?"

"వస్తుంది సార్."

నిజంగానే సంతోషించారు. తరువాత చిన్నమ్మను ఏ ఊరని అడిగారు. ఆమె చెప్పింది. తలవంచుకుని రాయడం మొదలుపెట్టారు. చిన్నమ్మ అలవాటుగా లేచి నిలబడింది. "పోదాం తీ బిడ్డా."

నేను లేవలేదు. "సార్, ఆమె ముక్కుల గూడ చూడరా?" అన్నాను.

పెన్ను ఆగింది. "బయట కూర్చోండి, పిలుస్తాను" అన్నారు.

కూర్చున్నాం. చిన్నమ్మ పల్లీలు ఒలిచి నా చేతిలో పెడుతోంది.

"పిలుస్తరంటవా?"

"పిలుస్తరు."

మా తరువాత వచ్చినవాళ్లు లోపలికి వెళ్తున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా స్పిరిట్ వాసన...