ఆరువందల పన్నెండు గంటలు

తమ్ముడూ, భోజనం ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. బాల్కనీలో బట్టలు తీసి లోపల పెట్టు.

ఇద్దరం కంప్యూటర్‌లో ఒక యుద్ధాల ఆట నేర్చుకుందామంటే, నేను చూపించిన మూడింట్లో ఒకదాన్ని ఎంచింది నువ్వే. "ఇది నాకూ కొత్తే అక్కా, కలిసి ఓనమాలు దిద్దుకుందాం" అన్నావు. పదకొండుసార్లు ఓడిపోయాను. నేను రైతులను పనిలో పెట్టేలోపే నీ గుర్రాలు నా కోటలో ఉండేవి. నా బుర్రే మొద్దుబారిందనుకున్నాను. ఈ ఉదయం నువ్వు లాగౌట్ చేయడం మరిచిపోయావు. నీ ఖాతాలో ఆ ఆట పేరు కింద, నువ్వు ఇప్పటిదాకా ఆడినవి ఆరువందల పన్నెండు గంటలని కనిపించింది. ఓడినందుకు కాదురా బాధ. గెలిచిన ప్రతిసారీ "అబ్బ, ఏదో లక్కు" అని నన్ను ఓదార్చావు చూడు, అక్కడ మండింది.

దాన్ని తీసేసి, కొత్తవాళ్లు ఆడదగ్గది వేశాను. ఇందులో యుద్ధం మధ్యలో ఆపి ఆలోచించుకోవచ్చు, ముందు ఆట నేర్పే పాఠాలూ ఉన్నాయి. దీనిలో నీవి సున్నా గంటలే, చూశాను. నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా ముట్టుకోకు.

అక్క

ఇంకోటి. మొదటి పాఠం నేను నలభై నిమిషాలు ఆడేశాను. చూశావా, చెప్పేశాను.