పాపకు అంటొద్దు

జూన్ 11
రజితను దవాఖానకు మల్ల రమ్మన్నరట. కడుపుతోని ఉన్నోళ్లందరికీ తీసినట్టే మొన్న ఆమెకు గూడ రక్తం తీసిన్రు. "ఇంకోసారి తియ్యాలె, మీ ఆయనను తోలుకొని రా" అన్నదట నర్సు బెన్ — ఈడ అక్కను గట్లనే అంటరు. ఎందుకో చెప్పలే. రక్తం తక్కువుందేమో... ఐదో నెల. రేపటికి కార్ఖాన సేటును సుట్టి అడగాలె.

జూన్ 12
హెచ్ఐవి.
ఇద్దరికీ రక్తం తీసి చూసిన్రు. చిన్న అర్ర, తలుపేసిన్రు. కౌన్సిలర్ మేడం హిందీల మెల్లగ చెప్పింది. రజితకు ఉన్నది. నాకు లేదు.
ఆమె నా దిక్కు చూడలే. నేను ఆమె దిక్కు చూడలే. ఆటోల ఇద్దరి నడుమ సంచి పెట్టుకొని కూసున్నం.

జూన్ 13
డ్యూటీకి పోయిన. బట్ట నేసే సాంచాల మోత ఇయ్యాల మంచిగనిపించింది — ఎవరి మాట ఇనబడదు. దారం తెగింది, నాకు సోయి లేదు. బట్ట ఖరాబైంది. తిట్లు పడ్డయి.

జూన్ 15
రజిత బియ్యం ఏరుకుంట చెప్పింది. ఏడ్వలే.
"మొదటాయన భివండిల పానం ఇడిసిండు గద. టీబీ అన్నరు మా అత్తమామలు. నాకు రక్తం చూపియ్యాలని ఎవ్వరికీ తోచలే. నాకేం తెలుసు..."
ఏరిన రాళ్లు పక్కకేసి — "నన్ను మా అన్న తానికి తోలియ్యి. నేనేమనుకోను."
మొగడు పోయిన పిల్లని తెలిసే చేసుకున్న. నన్ను కన్న అవ్వనే చూసి చేసింది. "పోవద్దు" అని అప్పుడే అనాల్సుండె. బియ్యం చాట నా దిక్కు గుంజి నేను గూడ ఏరిన.

జూన్ 16
కోపమొస్తున్నది. ఎవరి మీద? సచ్చిపోయినోని మీదనా?

జూన్ 19
హెచ్ఐవి మందులిచ్చే ఏఆర్టీ సెంటర్. రజితకు గోలీలు మొదలు. రోజుకొక్కటి, ఒక్క రోజు గూడ తప్పొద్దు. సర్కారు ఫ్రీగ ఇస్తది, దేశమంత గింతేనట. వైరస్ తగ్గితే కడుపుల బిడ్డకు అంటకుంట చూసుకోవచ్చన్నది మేడం. చూసుకోవచ్చు... అంటదు అని మాత్రం అనలే.
లైన్ల ఎవరున్నరు? మా రాజన్న! నా పక్క సాంచాలు నడిపే రాజన్న, మొకానికి దస్తీ కట్టుకొని. ఇద్దరం గోడ దిక్కు తిరిగినం.
బయట చాయ్ బండి కాడ ఆయనే వచ్చిండు.
"మల్లేశం, నీకా, ఆమెకా?"
"ఆమెకు. కడుపుతోని ఉన్నదన్నా."
"నేను ఏండ్ల సంది మింగుతున్న. సచ్చిన్నా? నీ పక్కనే పని చేస్తలేనా?"
చాయ్ గిలాస బండి మీద పెట్టి చుట్టూ చూసిండు. "కార్ఖాన్ల ఎవ్వరికీ చెప్పకు తమ్మీ." నేను ఆయనను అడగాలనుకున్న మాట గదే.

జూలై 2
గోలీ ఏసుకుంటే రజితకు తల తిరుగుతున్నది. పక్కింటి సవితక్క చూసింది. "ఏం గోలీలే గవి?"
"రక్తం గోలీలు" అన్న. అబద్ధమైతే గాదు.

జూలై 6
రజిత కంచం, గిలాస ఏరుగ పెట్టుకుంటున్నది. మేడం వద్దని చెప్పినా ఇంటలేదు.

ఆగస్టు 10
ఆదివారం. డుమస్ సముద్రం కాడికి పోయినం. టమాట భజియాలు తినాలని ఆమెకు మస్తు రోజుల సంది ఉండె. రెండు ప్లేట్లు చెప్పబోయింది. నేను ఒక్కటే చెప్పిన. ఆమె కొరికి పెట్టింది తీసి తిన్న. సముద్రం దిక్కు తిరిగి ఏడ్చింది. నన్నిడిసి పోవద్దని అప్పుడు అన్న. శానా ఆలస్యంగ అన్న.

సెప్టెంబర్ 18
వైరస్ మిషన్‌కు దొరకనంత తగ్గిందట. మేడం నవ్వింది. రజిత నవ్వింది. నేను మల్లొకసారి అడిగిన — "పక్కా?"

అక్టోబర్ 14
ఆడపిల్ల!
పుట్టంగనే నోట్ల మందు చుక్కలేసిన్రు. రోజూ ఎయ్యాలె. ఆరు నెల్లు తల్లి పాలే ఇయ్యాలె. నీళ్లు గూడ వద్దు. పాలతోని ఇంకేదన్న కలిస్తే అంటుకునే ప్రమాదం ఎక్కువన్నరు.
పాప నా ఏలు పట్టుకున్నది. గట్టిగ.

అక్టోబర్ 20
మెట్‌పల్లి బస్సుల ఊరికెళ్లి అవ్వ దిగింది. కారం, సకినాలు, సీసాల తేనె.

అక్టోబర్ 23
డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఏడుస్తున్నరు.
అవ్వ పాప నోట్ల తేనె చుక్క పెట్టింది. రజిత గుంజుకొని ఒర్లిందట.
"నీకు పెట్టలేదారా? మీ అన్నకు పెట్టలేదా? నా మీద గట్ల ఒర్లుతదా?" అని అవ్వ. సంచి సదురుకుంటున్నది.
ఇగ దాచెటట్టు లేదు.

అక్టోబర్ 24
మెట్ల మీద కూసుండబెట్టి చెప్పిన. రజిత చెప్పమంటేనే చెప్పిన. అవ్వ కొంగుతోని మొకం తుడుసుకున్నది.
"నీకు?"
"లేదవ్వా."
"పిల్లకు?"
"ఇంక తెల్వది. రక్తం చూడాలె."
"నేనే చూసి చేస్తి గదరా..."
తర్వాత మెల్లగ — "నేను పిల్లను ఎత్తుకోవచ్చునా?"
"ఎత్తుకో. ఎత్తుకుంటే అంటదు."
ఎత్తుకోలే.

అక్టోబర్ 26
అవ్వ తన గిలాస తనే కడిగి, కిటికీల పెట్టుకున్నది. రజిత చూసింది. నేను చూసిన.
అన్నకు ఫోన్ల చెప్తదా? ఊరంత తెలుస్తదా?

నవంబర్ 5
రజిత స్నానంల ఉన్నది. పాప ఒకటే ఏడుపు. నేను లేచేలోపట అవ్వ ఎత్తుకున్నది. ఎత్తుకున్నంక ఇగ దించలే.
అన్నం తిన్నంక వంట కాడికెళ్లి అవ్వ గొంతు — "గోలీ ఏసుకున్నవా బిడ్డా?"
రజిత చెయ్యి కంచంలనే ఆగింది.

నవంబర్ 27
పాప మడమ గుచ్చి కాయితం మీద రక్తం చుక్కలు తీసిన్రు. ఏడ్చి ఏడ్చి ఎర్రగైంది. ఇది మొదటి పరీక్షనే, పెద్దగైనంక మల్ల చూస్తరట.
అవ్వ గుంజకు ఒరిగి నిలబడ్డది. మేడంను అడుగుమన్నది — "ఆ తేనె చుక్కతోని ఏమన్న అయితదా?"
"మాజీ, జో హువా సో హువా — అయిందేదో అయింది. ఇంకెప్పుడు పెట్టొద్దు" అన్నది మేడం. అవ్వకు నిమ్మళం కాలే.

డిసెంబర్ 8
పాప దగ్గింది. ఒక్కసారే. ముగ్గురం లేచి నిలబడ్డం.

డిసెంబర్ 13
ఫోన్ మోగితే భయం. మోగకపోతే భయం.

డిసెంబర్ 17
సెంటర్ నుంచి ఫోన్. "రిపోర్ట్ ఆ గయా, వచ్చింది. ఫోన్ల చెప్పం, అందరికీ గింతే. రండి."
గొంతును బట్టి ఏమన్న తెలుస్తదేమో అని చెవి గట్టిగ పెట్టి ఇన్న. ఏం తెల్వలే. "అచ్ఛా హై క్యా, మంచిగున్నదా?" అని అడిగిన. "ఆయియే భాయ్, రండి" అన్నది. గంతే.
రాజన్నకు చెప్పి డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చిన. "నీ సాంచాలు నేను చూస్త, నువ్వు పో" అన్నడు.
రజిత పాపకు టోపీ కడుతున్నది. ముడి పడుతలేదు.
అవ్వ చెప్పులేసుకొని తలుపు కాడ నిలబడ్డది. ఎవరూ రమ్మనలే.
"పిల్లను ఇటియ్యి. నువ్వు రజితను పట్టుకో" అన్నది.
ఆటో వచ్చింది.