నానమ్మ తొలి అడుగు

పెదనాన్నగారికి,

నానమ్మ మంచం దిగనంటోంది. వేటకెళ్ళాక సముద్రంలో మీ ఫోను అందడం లేదు కాబట్టి, మీ చేపలకు ఐసు తెచ్చే పడవలో ఈ ఉత్తరం పంపుతున్నాను. మీ పడవ నడిపే సరంగుగారి చేత చదివించుకోండి.

వెన్ను ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది. ఈ వయసులో కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుందని, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పని, రోజూ పట్టుకుని నడిపించమని డాక్టరుగారు చెప్పారు. నానమ్మేమో, "మీ పెదనాన్న మొక్కుకున్నాడే. నా తొలి అడుగు అప్పనపల్లి స్వామి ముందే. నీ చదువు నీ దగ్గరుంచుకో" అంటోంది. నా పోరు పడలేక పాదాలు మాత్రం ఆడిస్తోంది. పిక్కలు వాచాయేమోనని పూటపూటా చూస్తున్నాను.

మొక్కింది మీరు కాబట్టి సడలించాల్సిందీ మీరే. ముందు గది గుమ్మం దాకా నడిచినా స్వామి మొక్కు చెల్లుతుందని రాయించి, కింద వేలిముద్ర వేయండి. లేకపోతే నేనే రాసుకున్నానంటుంది. రేపు, పన్నెండో తేదీ బుధవారం, ఐసు పడవ తిరిగొచ్చేసరికి మీ జవాబు అందాలండి.

మీ తమ్ముడి కూతురు