చెప్పుల కాపలా

అక్కా,

నేను కులాసా. శిక్షణ తరగతులు ఇంకో వారంలో అయిపోతాయి. నెలాఖరుకి మీరు దిగేసరికి స్టేషన్లో ఉంటాను.

సముద్రంలో చేపల్ని చూడటానికి ముఖానికి పెట్టుకునే అద్దాలూ, ఊపిరి గొట్టాలూ కొందామా, అద్దెకు తీసుకుందామా అని అడిగావు కదా. నిన్న అద్దెకు ఒక జత తీసుకుని మెడలోతు నీళ్లలో దిగి చూశాను. కళ్లజోడు తీసేశానేమో, చేపలన్నీ రంగు మరకల్లా కనబడ్డాయి. దుకాణం ఆవిడతో చెబితే నవ్వేసింది. "అద్దెవాటికి పవర్ ఎక్కడుంటుందమ్మా! కొనుక్కుంటే మీ నంబరుకు తగ్గ అద్దాలు బిగించి ఇస్తాం" అంది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఎక్కడికెళ్లినా "మీరు దిగండర్రా, చెప్పులకు నేను కాపలా ఉంటా" అంటావు. ఇన్నేళ్లూ నీకు నీళ్లంటే భయమనుకున్నాను. నీ అద్దాలు నావాటికి రెండింతల మందం. దిగినా ఏమీ కనబడదనే గట్టున కూర్చున్నావా? లేక నిజంగా భయమేనా? ఒక్కసారైనా అడగాలని నాకు తోచలేదు చూడు.

భయమైతే చెప్పు, బలవంతం చెయ్యను. కాకపోతే కళ్ల డాక్టరు చీటీ చూసి నీ నంబరు వెంటనే రాయి. మనిద్దరికీ కొంటాను, మిగతావాళ్లకు అద్దెవి చాలు.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? పిల్లలకు ముద్దులు. బావగారికి నమస్కారాలు చెప్పి, మీసం ఉంటే అద్దాల్లోకి నీళ్లొస్తాయట అని కూడా చెప్పు. తీయనంటే మరీ మంచిది. ఈసారి చెప్పుల కాపలా ఆయనదే.

నీ చెల్లెలు