ఉప్పు తినని మనిషి

నా కసిల్దోకి, నీ పేకోన్ రాసేది,

మన అమ్మాయి డెల్మీర ఇంకా మాట్లాడటం లేదు. తన చంటిబిడ్డని మట్టిలో పెట్టిన రోజు మూసిన నోరు మూసినట్టే ఉంది. పొద్దస్తమానం ఉకయాలి నదికేసి చూస్తూ కూర్చుంటుంది. నిన్న గొంతులోతు నీళ్లలో ఉండగా జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చాను. నాకు భయంగా ఉంది.

నువ్వు యారినకోచలో, దిగులుతో చచ్చిపోదామనుకున్న పరదేశులకి ఆయవాస్కా తీగ కషాయం పోసి పాటలు పాడుతున్నావు. మన వైద్యానికి వాళ్లు కోలుకుంటున్నారని శాస్త్రవేత్తలు తేల్చినట్టు రేడియోలో చెప్పారు. ఊళ్లోవాళ్లు మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. నీ కూతురిది దిగులు కాదా? ఒక్కసారి వచ్చి పాడిపో.

నీ పేకోన్

*

ప్రియమైన పేకోన్‌కి,

నా ప్రాణమంతా అక్కడే ఉంది. కాని నేను పాటకి బలమిచ్చే చెట్టుకి మొక్కుకుని పథ్యంలో ఉన్నాను, నీకు తెలియనిదేముంది? ఉప్పు తినకూడదు, పందిమాంసం తినకూడదు, పెళ్లాం నీడ కూడా తగలకూడదు. శోకంలో ఉన్నవాళ్లని తాకితే చెట్టు తిరగబడుతుంది, నన్ను నమ్ముకున్న రోగులు చెడిపోతారు. అమ్మాయిని ఇక్కడికి తేవద్దు. బిడ్డని పోగొట్టుకున్నవాళ్లని ఈ పరిశోధనలో చేర్చుకోరట. అది ముగియగానే వస్తాను.

నీ కసిల్దో

*

కసిల్దోకి,

మా తమ్ముడు తెయోఫిలో అరటిగెలలు అమ్ముకోవడానికి అక్కడికొచ్చి నిన్ను చూశాడు. నీ ఉత్తరం నాకందిన వారమే. శాస్త్రవేత్తల విందులో వేయించిన పందిమాంసం వేళ్లు నాకుతూ తింటున్నావట. “బావ మనల్ని మర్చిపోయాడేమో గాని ఉప్పుని మర్చిపోలేదక్కా” అన్నాడు. నన్ను నవ్విద్దామనుకున్నాడు పాపం. నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. నీకు రావాలని లేదు, అంతే. ఆ మాటే రాసుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు చెట్టు మీదకి నెట్టావు.

మా అమ్మ నేర్పిన పాటలు పెళ్లయిన కొత్తలో నాచేత మాన్పించావు. ఒకే ఇంట్లో ఇద్దరు వైద్యులుంటే పాటలు కొట్టుకుంటాయన్నావు. వెర్రిదాన్ని, నమ్మాను. తమ్ముడు వెళ్లిన మర్నాడే ఏటి ఒడ్డున బోబిన్సానా చెట్టుకి మొక్కుకుని బెరడు గీసి కాచాను. తల్లీకూతుళ్లం తాగాం. ఊరికి దూరంగా ఆకుల పాక వేసుకుని చప్పిడి చేపలూ కాల్చిన అరటికాయలూ తింటున్నాం. శోకంలో ఉన్నవాళ్లని తాకకూడదన్నావు కదా, నేను దాన్ని ఒళ్లో పెట్టుకునే పాడుతున్నాను. చెట్టు నన్నేమీ అనలేదు.

గొంతు మునుపటిలా లేదు. చాలా చరణాలు మర్చిపోయాను. మొన్న ఒకచోట తప్పు పాడితే, ఒళ్లోంచి “అలా కాదమ్మా, అమ్మమ్మ అలా పాడేది కాదు” అని వినిపించింది. నేను పాట ఆపలేదు. ఆపితే మళ్లీ నోరు మూసుకుంటుందని భయం. అదే సరిచేస్తూ చివరిదాకా పాడించింది.

పరిశోధన ముగిసింది, పడవెక్కుతున్నానని కబురు పంపావు. రాకు. నేను పథ్యంలో ఉన్నాను. మొగుడి నీడ తగలకూడదు. నీకు తెలియనిదేముంది?

పేకోన్